సున్నా గీత

యామినికి జబ్బు ఖాయమైందని తెలిసిన రోజు హైమావతి వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చింది. తోడికోడలి మీద జాలితో ఏడ్చిందనుకుంటే పొరపాటు. కుళ్లుతో ఏడ్చింది. పక్కింటివాళ్లు కారు కొన్నారని కుళ్లుకునేవాళ్లను చూశాం గానీ, ఒకరికి జబ్బు వచ్చిందని కుళ్లుకునే మనిషి ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఉంటుంది. అదే జబ్బు తనకు ముందే వచ్చి, పదిహేడేళ్లుగా దానికి ఒక పేరు పెట్టమని డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయాక, ఆ పేరు కాస్తా రెండేళ్ల కిందట ఇంట్లో అడుగుపెట్టిన పిల్లకు దక్కితే ఎవరికైనా ఉంటుంది.

గాజువాకలోని ఆ ఇంట్లో, ముందుగదిలో, యామిని మొగుడు చక్రధర్ ఫోన్లో రిపోర్టు తల్లికి చదివి వినిపించాడు. నొప్పిని కొలిచే యంత్రం, నొప్పిమాని, అరవై నాలుగు చూపించింది. జబ్బు ఎండోమెట్రియోసిస్. కోడ్ ఎన్ ఎనభై. అత్తగారు నూకరత్నానికి ఇందులో బోధపడింది అరవై నాలుగు ఒక్కటే.

"ఓలమ్మ! వందకి అరవై నాలుగే! ఇన్నాళ్లూ ఎలగ బరించిందిరా ఈ గుంట!" అని బుగ్గలు నొక్కుకుంది. వెంటనే లేచి హైమావతి గదిలోకి వెళ్లి, బీరువా కింద అరలో ఉన్న ఎర్ర రబ్బరు వేడినీళ్ల సంచి తీసుకొచ్చి, నీళ్లు కాచి పోసి, యామిని పొత్తికడుపు మీద తన చేత్తో పెట్టింది.

ఆ సంచి హైమావతిది. పెళ్లయిన ఏడాదే కొనుక్కుంది. అది పొట్టకు పెట్టుకుని పడుకున్నప్పుడల్లా ఇదే నూకరత్నం గుమ్మంలో నిలబడి, "నెలనెలా ఈ నాటకమేటే? మేం ఆడోళ్లం కామేటి?" అనేది. ఇప్పుడు ఇవ్వమని అడగనైనా అడగలేదు. హైమావతి ఉల్లిపాయలు తరగకుండానే కళ్లు తుడుచుకుని బయటికి వచ్చి, అందరికీ అన్నాలు వడ్డించింది.

హైమావతి ఉద్యోగం రుషికొండ మీద, ఒక అద్దాల మేడలో. ఆసుపత్రుల నుంచి కేసు షీట్లు అక్కడికి వచ్చి పడతాయి. ప్రతి రోగానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక నంబరుంది. డాక్టరు రాతలో రోగమెక్కడుందో వెతికి దానికి ఆ నంబరు తగిలించడం కోడర్ల పని. తగిలించింది సరిగా ఉందో లేదో చూసే ఆడిటరు హైమావతి. పద్నాలుగేళ్ల సర్వీసు. ఆమె చేతిలోంచి తప్పు దాటిపోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజే ఒక మాట చెప్పేది.

"డాక్టరు రాయనిది లేనట్టే. రోగి పొర్లి పొర్లి ఏడ్చినట్టు నర్సు రాసినా సరే, డాక్టరు రోగం పేరు రాయకపోతే రోగం లేదు. పేరు ముందర ప్రశ్నార్థకం పెట్టాడా, అదీ లేనట్టే. అనుమానానికి మనం నంబరివ్వం."

ఆ ప్రశ్నార్థకం ఆమె సొంత కాగితాల్లోనూ ఉంది. పదకొండేళ్ల కిందట ఒక నర్సింగ్ హోములో డాక్టరు 'ఎండోమెట్రియోసిస్' అని రాసి దాని ముందు ఒక కొక్కెం గీశాడు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర వంటిది బయట అండాశయాల మీద, పేగుల మీద మొలుస్తుందని, నెలనెలా అదీ రక్తం కారుస్తుందని, ఆ రక్తానికి పోయే దారి లేక లోపల ఒకదానికొకటి అతుక్కుపోతాయని చెప్పాడు. బొడ్డు దగ్గర కోసి కెమెరా పెట్టి చూస్తేగానీ తేలదన్నాడు. బిడ్డ పుడితే తగ్గుతుందని అత్తగారంది. కూతురు పుట్టింది, పెరిగింది, గురుకులంలో చేరింది, నొప్పి తగ్గలేదు. కెమెరా పెట్టించే తీరిక ఎవరికీ దొరకలేదు. తర్వాత చూసిన డాక్టర్లందరూ 'నెలసరి నొప్పి, కారణం తెలియదు' అని ఒకరిది చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. దానికీ ఒక నంబరుంది. ఆఫీసులో దాన్ని చెత్తబుట్ట కోడ్ అంటారు.

ఇప్పుడు కెమెరా అక్కర్లేదు. నొప్పిమాని వచ్చింది. లారీ డ్రైవర్లు నడుముకు కట్టుకునే పట్టీ అంత వెడల్పు బెల్టు అది. లోపలివైపు చిల్లుకాసులంత రేకులుంటాయి. లోపల నరం సలిపినప్పుడు దాని చుట్టూ కండరం మనకు తెలియకుండానే బిగుసుకుంటుంది, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. బెల్టు అవన్నీ పట్టుకుని, ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషి ఒంట్లో ఉండే తీరుతో పోల్చి, తేడా ఎంతుందో అంకెలో చెబుతుంది. ఆరోగ్యవంతురాలి తీరు ఒక అడ్డగీత, అది సున్నా. మీ గీత దాని మీద ఎంత ఎత్తున లేస్తే అంత నొప్పి. పది దాటితే జబ్బే. ఏడు రోజులు కట్టుకుంటే చాలు. దాన్ని తయారుచేసిన ప్రయోగశాల హైమావతి కంపెనీదే, ఆఫీసు పక్క బ్లాకులోనే ఉంది.

మూడో రోజున యామిని కేసు షీటు హైమావతి క్యూలోకే వచ్చింది.

బంధువుల రికార్డు వస్తే తెరవకూడదు. తెర మీద 'బంధువు' అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. పద్నాలుగేళ్లలో అలా ఎన్నిసార్లు నొక్కిందో. ఈసారి చెయ్యి అటు పోలేదు. తెరిచింది. యామిని వయసు ఇరవై ఆరు. నొప్పి మొదలై మూడేళ్లు. 'మూడేళ్లే!' అనుకుంది హైమావతి. శుక్రవారం తన బదులు జూనియర్ సర్జన్ ఆపరేషన్ చేస్తారని, మొలిచినవాటిని తొలగించాలని సర్జన్ రాశారు. అవి ఎక్కడున్నాయో రాయలేదు.

అండాశయం మీదైతే ఒక నంబరు, గర్భసంచి వెనకైతే ఇంకొకటి. మామూలుగా ఇలాంటివి వచ్చినప్పుడు హైమావతి వార్డుకు ఫోన్ చేసి పది నిమిషాల్లో తేల్చేది. ఆ రోజు మాత్రం పద్ధతిగా సర్జన్ పేరిట క్వెరీ వేసింది. 'స్థానం పేర్కొనలేదు. వివరణ వచ్చేవరకు కోడ్ నిలుపుదల.' కోడ్ ఆగితే ఆపరేషన్ అనుమతి ఆగుతుంది. సర్జన్ ఆ రోజు నుంచే పది రోజులు సెలవులో ఉన్నారని ఆమెకు తెలుసు. అంతా రూలు ప్రకారమే చేసింది. చేశాక క్యాంటీనుకు వెళ్లి, చాలా రోజుల తర్వాత, కాఫీ రుచిగా తాగింది.

"ఆఫీసులో ఎవరో మహానుభావురాలు అడ్డం పడిందట," అన్నాడు చక్రధర్ సాయంత్రం. "ఎక్కడుందో రాయలేదని ఆపీసింది. కడుపులో కాకపోతే మోకాల్లో ఉంటాదేటి?"

"దాని సేతులిరిగిపోనూ," అంది నూకరత్నం. అని హైమావతి వైపు తిరిగింది. "మీ ఆపీసే కాదేటి? నీకు తెలిసినోళ్లుంటే బేగి ఓ మాట సెప్పవే."

"కనుక్కుంటానత్తా," అంది హైమావతి. తల ఎత్తకుండా చపాతీ ఒత్తింది.

ఆ వారంలో ఒకరోజు పొద్దున్న స్నానాల గదిలో కొళాయి చాలాసేపు పారింది. బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు. నీళ్లు వృథా అని హైమావతి మొగుడు జగన్నాథం విసుక్కుంటూ పోర్టు డ్యూటీకి వెళ్లిపోయాడు. హైమావతికి మాత్రం తెలుసు, కొళాయి ఎందుకు ఇప్పారో. లోపల యామిని తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉంటుంది. మూలుగు బయటికి వినబడకుండా కొళాయి ఇప్పుకునే ఉపాయం పదిహేడేళ్లుగా హైమావతి సొంతం. తలుపు దగ్గరికి వెళ్లింది. కొట్టబోయింది. ఇది కూడా నా దగ్గర్నుంచే తీసుకుందా అనిపించింది. చెయ్యి దించుకుని ఆఫీసు బస్సుకు వెళ్లిపోయింది.

బస్సులోనే నిశ్చయించుకుంది. తానూ నొప్పిమాని కట్టుకుంటుంది. ఉద్యోగులకు కావాలంటే ఇస్తారు. ఇన్నాళ్లూ ఎందుకు కట్టుకోలేదంటే, ఆశపడి భంగపడటం ఆమెకు అలవాటై, ఆశపడటమే మానేసింది గనక. అయినా ఆ బెల్టు ఆమెకు కొత్త కాదు. నాలుగేళ్ల కిందట, అది ఇంకా పేరులేని ప్రయోగంగా ఉన్న రోజుల్లో, 'ఆరోగ్యవంతులైన స్త్రీలు కావలెను' అని క్యాంటీన్లో నోటీసు పెడితే వెళ్లి ముప్ఫై రోజులు కట్టుకుంది. తర్వాత దాని సంగతి వాళ్లు చెప్పలేదు, ఆమె అడగలేదు.

నెలసరి రోజులు కలిసొచ్చేలా చూసుకుని ఏడు రోజులు కట్టుకుంది. ఆ ఏడు రోజులూ దేవుణ్ణి ఒక్కటే కోరుకుంది. అరవై ఐదు రావాలి. మరీ ఎక్కువ అక్కర్లేదు స్వామీ, యామిని కంటే ఒక్కటి ఎక్కువైతే చాలు. రెండో రోజు ఆఫీసులో బల్ల అంచు పట్టుకుని నిలబడి నొప్పి భరిస్తూ, మొదటిసారి ఆ నొప్పికి ఇంకొంచెం రమ్మని చెప్పింది.

ఏడో రోజు ల్యాబ్ టెక్నీషియన్ అమ్మాయి తెర తనవైపు తిప్పుకుని, మళ్లీ ఇటు తిప్పింది. ముఖం వెలిగిపోతోంది.

"మేడమ్, సున్నా! చూడండి, ఎంత ముచ్చటగా ఉందో. ఎంత ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా గీత కాస్త అటూ ఇటూ ఊగుతుంది. మీది గీత మీదే గీత పడుకుంది. ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదు."

"సరిగా చూడమ్మా."

"మూడుసార్లు చూశాను మేడమ్. మీకు ఏమీ లేదు. అదృష్టవంతులు."

ఇంట్లో అందరూ సంతోషించారు. అదే ఆమెను చంపేసింది. "ఏమీ లేదంటే మంచిదే కదే," అన్నాడు జగన్నాథం మనస్ఫూర్తిగా. నూకరత్నం చేటలో బియ్యం ఏరుతూ, "నాను సెప్పలేదేటి? అలవాటైపోనాది దానికి. మిసనీకి అబద్దమాడ్డం రాదు," అంది. యామిని మంచం మీంచి ఆమెవైపు అదోలా చూసి గోడవైపు తిరిగిపోయింది. జాలిపడుతోందనుకుంది హైమావతి. నీ జాలి ఎవడిక్కావాలి అని మనసులోనే తిట్టుకుంది.

మర్నాడు ఆఫీసులో ఏ షీటూ కళ్లకు ఎక్కలేదు. మధ్యాహ్నం ఒక జూనియర్ వచ్చి రెండు కేసు షీట్లు చూపించాడు. ఇద్దరు వేర్వేరు రోగులు, రాత మాత్రం పొల్లుపోకుండా ఒకటే. "ఏం చేయాలి మేడమ్?"

"ఇద్దరు మనుషులు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండరు బాబూ. ఒకటి అసలు, రెండోది నకలు. అసలేదో చూడు," అంది అలవాటుగా.

అన్నాక ఆమె కుర్చీలోనే ఉండిపోయింది. గీత మీదే గీత పడుకుంది. ఎంత ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా కాస్త ఊగుతుంది. మరి ఊగకుండా సరిగ్గా సరిపోవాలంటే...

పక్క బ్లాకులో ప్రయోగశాల అధిపతి డాక్టర్ లలితాంబ. అరవై దగ్గర పడుతున్న మనిషి, నొప్పిమాని కోసం పదేళ్లు పెట్టింది. హైమావతి తలుపు తట్టి లోపలికి వెళ్లి, కూర్చోమనకముందే అడిగింది.

"డాక్టరమ్మా, మీ సున్నా ఎవరిది?"

"అంటే?"

"ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషితో పోలుస్తారు కదా. ఆ మనిషి ఎవరు?"

లలితాంబ నవ్వింది. "అదొక పెద్ద కథ. ఆరుగురిని తీసుకున్నాం. బెల్టు గుచ్చుకుంటోందని ముగ్గురు మానేశారు. ఒకమ్మాయికి పెళ్లి కుదిరింది. ఒకావిడ బెల్టుతోనే స్నానం చేసింది. ముప్ఫై రోజులూ కిక్కురుమనకుండా కట్టుకున్నది ఒక్కరే, మూడో వాలంటీరు. పేర్లు తీసేశాం గానీ, ఆవిడ లేకపోతే నొప్పిమానే లేదు."

"ఆవిడ రాసిన ఫారం ఒక్కసారి చూపిస్తారా?"

ఫారం తెర మీదికి వచ్చింది. తాను రాసే 'వ' ఎలా ఉంటుందో ఎవరికైనా తెలుస్తుంది. నిర్ధారిత వ్యాధులు: లేవు. దాని కింద రోజుకొక ప్రశ్న. ఈ రోజు నొప్పి మామూలు కన్నా ఎక్కువగా ఉందా? ముప్ఫై రోజులకూ ముప్ఫై జవాబులు, నీలం సిరాతో, వరసగా. ఎప్పటిలాగే. ఎప్పటిలాగే. ఎప్పటిలాగే.

"ఇది నా రాత," అంది హైమావతి.

లలితాంబ ఆమెను, తెరను మార్చి మార్చి చూసింది. హైమావతి నిలబడే అంతా చెప్పింది. పదిహేడేళ్లు, కొక్కెం, చెత్తబుట్ట కోడ్, వేడినీళ్ల సంచి. చెబుతుండగానే లలితాంబ తెర మీద 'లేవు' అన్న చోట వేలు పెట్టింది.

"మరి జబ్బు లేదని ఎందుకు రాశావమ్మా?"

"డాక్టరు రాయలేదు కదండీ. ప్రశ్నార్థకం పెట్టిందాన్ని ఉందని ఎలా రాస్తాను? నేను ఆడిటర్ని."

"నొప్పి లేదని..."

"లేదని ఎక్కడా రాయలేదు డాక్టరమ్మా. ఎప్పటిలాగే అని రాశాను. మీరు అదే కదా అడిగారు."

లలితాంబ ఫారం మూసి పాత ఫలితాల పట్టిక తెరిచింది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "గీత కిందికి దిగినవాళ్లు చాలామంది ఉన్నారు. పదకొండు వేల పైచిలుకు. సున్నా కంటే కిందికి పోతే ఇంకా మంచిదే కదా, గట్టి మనుషులు అనుకున్నాం. నొప్పి అని వచ్చినవాళ్లను నీకేమీ లేదు పొమ్మని ఇళ్లకు పంపించాం. నీకున్నంత నొప్పి ఉన్నవాళ్లనీ, నీకంటే కాస్త తక్కువున్నవాళ్లనీ, అందర్నీ."

నిజం చెప్పుకోవాలంటే, హైమావతికి ఆ పదకొండు వేల మంది వెంటనే తట్టలేదు. ఆమెకు ముందు కలిగింది సంతోషం. ఒళ్లంతా వేడెక్కేంత సంతోషం. మిసనీకి అబద్దమాడ్డం రాదన్న అత్తగారి ముందు ఎలా నిలబడాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకుంది.

"ఇవాళే ఆపేయాలి," అంది లలితాంబ. "సున్నా తప్పయితే దాని మీద కట్టిన అంకెలన్నీ నిలిపేయాలి. కొత్త సున్నా తెచ్చుకునేసరికి మూణ్నెల్లు. ఈలోపు అనుమతి రాని ఆపరేషన్లన్నీ ఆగుతాయి. నువ్వు రాతపూర్వకంగా ఇవ్వాలి."

"ఇప్పుడే రాసిస్తాను," అంటూ హైమావతి కలం అందుకుంది. యామిని అరవై నాలుగు చెల్లకుండా పోతుంది. తాను చేయాల్సిందల్లా నిజం రాయడమే. కుళ్లుకు ఇంత మంచి దారి ఎవరికీ దొరికి ఉండదు.

పేరు రాసింది, ఉద్యోగి నంబరు రాసింది. యామిని అంకె మళ్లీ బుర్రలోకి వచ్చింది. అరవై నాలుగు. దేని మీద అరవై నాలుగు? సున్నా మీద. సున్నా అంటే ఎవరు? తాను. గోడ పట్టుకుని నిలబడిన రాత్రులు, బస్సులో పెదవి కొరుక్కున్న పొద్దుటిపూటలు, కొళాయి చప్పుడు, అన్నీ కలిపితే సున్నా. ఆ సున్నా దాటాకనే యామిని లెక్క మొదలైంది. తన నొప్పి అంతా ఉండి, దాని మీద ఇంకా అరవై నాలుగు. అలాంటి పిల్లను తాను పది రోజులు ఆపింది.

కలం మూత పెట్టేసింది.

"ఎల్లుండి దాకా ఆగండి డాక్టరమ్మా."

"పదకొండు వేల మందమ్మా!"

"తెలుసండీ. ఎల్లుండి పొద్దున్న పదింటికి నేనే వచ్చి సంతకం పెడతాను. ఒక మనిషిని నేను కావాలని ఆపాను. ఆ మనిషిని ముందు లోపలికి పంపాలి."

ఏం చేసిందో అదీ చెప్పింది. లలితాంబ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎల్లుండి పది అంటే పదే అంది.

సర్జన్ ఆ రోజే సెలవు నుంచి వచ్చారు. హైమావతి ఫోన్ చేసి స్థానం రాయించింది. ఎడమ అండాశయం మీద, గర్భసంచి వెనక. క్వెరీ మూసేసి, ఎప్పుడో నొక్కాల్సిన 'బంధువు' బటన్ నొక్కి, ఇన్ని రోజులు ఎందుకు నొక్కలేదో కింద గడిలో ఉన్నదున్నట్టు రాసింది. ఉద్యోగానికి ఏమవుతుందో తెలిసే రాసింది. ఇంకో ఆడిటరు సాయంత్రానికల్లా కోడ్ ఖాయం చేశాడు. ఆపరేషన్ ఎల్లుండి ఏడింటికి.

ఇంటికి వెళ్లి యామిని మంచం పక్కన కూచుంది. పిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. ఎర్ర సంచి చల్లారిపోయి పక్కన పడుంది.

"ఆ మహానుభావురాలు నేనే," అంది.

"ఏటక్కా?"

"నీ ఆపరేషన్ ఆపింది. ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేదాన్ని కావాలని ఆపాను."

యామిని లేచి కూచోబోయి, కడుపు పట్టుకుని ఆగిపోయింది. "ఎందుకక్కా?"

"కుళ్లు. నీకు నంబరొచ్చిందని. అత్త నీ పొట్ట మీద నా సంచి పెట్టిందని." అక్కడ మొదలుపెట్టి మూడో వాలంటీరు దాకా చెప్పింది. యామిని రెప్ప వేయకుండా విన్నది.

"నీకు సున్నా వచ్చిందన్నరోజు నాకెంత కుళ్లొచ్చిందో తెలుసేటి?" అంది చివరికి. "ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే కుండలో కూడు తింటాం. ఈవిడకి సున్నా ఏటి, నాకే ఇదంతా ఏటి అని. నీ మొహం చూడబుద్దెయ్యలేదు."

హైమావతి ఆ చూపు గుర్తు తెచ్చుకుంది. జాలి అనుకున్న చూపు.

"పది రోజులక్కా," అంది యామిని. "కొళాయి ఇప్పుకుని ఏడిసేదాన్ని. నీకు వినబడీది కాదేటి?"

"వినబడేది."

"తెలుసా, నేనెందుకు ఇప్పుకున్నానో?"

"తెలుసు."

యామిని గోడవైపు తిరిగింది. "తలుపేసి ఎళ్లు."

హైమావతి తలుపు వేసి బయటికి వచ్చింది. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదని ఆమెకే తెలుసు.

ఆపరేషన్ రోజు ఆరింటికే చక్రధర్ యామినిని తీసుకెళ్లాడు. పిల్ల హైమావతితో మాట్లాడకుండానే ఆటో ఎక్కింది. హైమావతి తన గదిలోకి వస్తే, మంచం మీద ఎర్ర సంచి ఉంది. ముట్టుకుంటే వేడిగా ఉంది. పదింటికి ఆమె లలితాంబ బల్ల ముందు కూచుని రెండు పేజీలు రాసి సంతకం పెట్టింది. అప్పటికి యామిని థియేటర్లోంచి బయటికి వచ్చిందని ఫోన్ వచ్చింది. మధ్యాహ్నానికి ఊళ్లో ఉన్న నొప్పిమానులన్నీ ఆపేశారు. సాయంత్రానికి హైమావతిని ఆడిటు పనిలోంచి మూణ్నెల్లు పక్కన పెట్టారు. అంత తక్కువతో పోయినందుకు ఆమే ఆశ్చర్యపోయింది.

నూకరత్నానికి ఈ సున్నాల వ్యవహారం మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక చాలాసేపు చేటలో వేలు ఆడిస్తూ కూచుంది. కోడలి వైపు చూడలేదు. "నా కాలంలో ఇదుంటే నాకు తొంబై వచ్చీసేది," అంది ఎవరికో చెబుతున్నట్టు. ఆ గొంతులో కూడా కుళ్లే వినబడింది హైమావతికి.

కొత్త సున్నా కోసం లలితాంబ ఈసారి పన్నెండు మందిని తీసుకుంది. ఫారం తయారుచేసే పని, పక్కన పెట్టిన ఆడిటరుకే అప్పజెప్పింది. మామూలు కన్నా ఎక్కువగా ఉందా అన్న ప్రశ్న హైమావతి కొట్టేసింది. 'మామూలంటే మీకు ఎలా ఉంటుందో చెప్పండి' అని రాసి, కింద అర పేజీ ఖాళీ వదిలింది. ఆ అర పేజీలు చదివి పన్నెండు మందిలో ఏడుగురిని వాపసు పంపేశారు.

మూడో నెల చివర ఒక మధ్యాహ్నం లలితాంబ పిలిచింది. మిగిలిన ఐదుగురిలో ఒకమ్మాయి ముప్ఫై రోజుల తీరు తెర మీద ఉంది. కుసుమ అని కాలేజీ పిల్ల, వాలీబాల్ ఆడుతుంది. దాని పైన ఎర్రగా ఇంకో గీత, హైమావతిది. పక్కన అంకె, డెబ్బై రెండు. పాత సున్నా ఇప్పుడు డెబ్బై రెండు. రేపటికల్లా ఆమె పేరు మీద ఎన్ ఎనభై పడుతుంది, ముందర కొక్కెం లేకుండా.

పదిహేడేళ్లుగా ఆ అంకె కోసం కాచుకున్న మనిషి దానివైపు చూడనే లేదు. కింద ఉన్న కుసుమ గీతనే చూస్తోంది. ఒకటో తారీకు నుంచి ముప్ఫై దాకా ఊపిరికి కాస్త లేచి దిగడమే తప్ప, ఆ గీత ఎక్కడా ఉలిక్కిపడలేదు. నెలసరి అయిదు రోజుల దగ్గరా అలాగే పడుకుని ఉంది. హైమావతి దగ్గరికి వంగి వేలితో రాసి చూసింది.

"ఇక్కడ బెల్టు ఊడిపోయిందేమో డాక్టరమ్మా. ఏమీ రాలేదు."

"ఊడిపోలేదమ్మా," అంది లలితాంబ నెమ్మదిగా. "ఆ పిల్లకు నొప్పి లేదు."

"రోజంతానా?"

"నెలంతా."

హైమావతి కుర్చీ లాక్కుని కూచుంది. మనుషులు ఇలా కూడా ఉంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ముఖమైనా ఎరగని ఆ కాలేజీ పిల్ల మీద ఆమెకు పుట్టిన అసూయ ముందు, యామిని మీద పడ్డ కుళ్లు లెక్కలోకి రాదు.

ఆ గీత ఒక్కటీ కాగితం మీద తీయించుకుని ఇంటికి తీసుకెళ్లింది. యామిని ముందుగదిలో కాళ్లు బారచాపుకుని కూచుని ఉంది. మూణ్నెల్లుగా ఉప్పు, పప్పు అన్న మాటలు తప్ప ఇద్దరి మధ్యా ఏమీ లేవు. హైమావతి కాగితం ఆమె ఒళ్లో పెట్టింది.

"ఏటిది?" అంది యామిని.

"నొప్పి లేనివాళ్లు."

యామిని కాగితం ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూసింది. వెనక్కి తిప్పి చూసింది, మళ్లీ ముందుకు తిప్పింది. తర్వాత కొంచెం జరిగి, పక్కన చోటు ఇచ్చింది.